విరిగిన పాలు, గంజాం తెలుగిళ్ళు

మన కుటుంబం గురించి ఇంతవరకూ రాసుకున్నవన్నీ ఇంటిపేర్లు, వలసలు, పెళ్ళిళ్ళు, సోనేపూర్ ఇంటి పట్టాలు. ఈసారి ఒక తినే వస్తువు చరిత్ర రాస్తున్నాను. దాని పేరు ఛెనా. పాలని పులుపుతో విరిచి, గుడ్డలో కట్టి, నీళ్ళు ఓడ్చితే మిగిలే తెల్లటి ముద్ద. రసగోలా, ఛెనాపోడ, రసబలి, ఛెనాగజా, అన్నిటికీ మూలం అదే. ఒడిశాలో పుట్టి పెరిగిన మన వాళ్ళకి ఇది కొత్త విషయం ఏమీ కాదు. కానీ బెంగళూరులో, హైదరాబాదులో, ఇంకా దూర దేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు రసగుల్లా అంటే డబ్బాలో వచ్చే బెంగాలీ మిఠాయి అనుకుంటున్నారు. వాళ్ళ కోసం ఇది.

ఇంకో కారణం కూడా ఉంది. మన ఇళ్ళలో పెళ్ళి విందుల్లో రసగోలా వడ్డించేటప్పుడు ఎవరో ఒక పెద్దాయన తప్పకుండా ఒక మాట అంటారు: "విరిగిన పాలు తినడం మన ఆచారం కాదురా. ఈ ఊరి వాళ్ళకి అలవాటు. వీళ్ళకి కూడా బుడతకీచులు వచ్చి నేర్పారు." అని, రెండు రసగోలాలు ఎక్కువే వేయించుకుంటారు. నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మాటలో మూడు చరిత్ర వాదనలు ఉన్నాయి. విరిగిన పాలు మనకి నిషిద్ధం, ఒడియా వాళ్ళకి అది పరాయి వాళ్ళు నేర్పిన విద్య, మనం ఆ విద్యకి బయటి వాళ్ళం. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా ఒక మాట గట్టిగా చెప్తే అది ఏ ఇన్‌పుట్ దగ్గర నిలబడదో చూడటమే నాకు తెలిసిన పద్ధతి. ఈ మూడు వాదనల్నీ అలాగే చూద్దాం.

మాటల సంగతి

ముందు భాష. ఇంగ్లీషులో చీజ్ అనే మాటకి తెలుగు నిఘంటువుల్లో జున్ను అని ఉంటుంది. కానీ మన ఇళ్ళలో జున్ను అంటే వేరు. ఆవో గేదో ఈనిన తరువాత మొదటి కొన్ని రోజులు ఇచ్చే చిక్కటి పాలు జున్నుపాలు. వాటిలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే గట్టిపడి జున్ను అవుతుంది. నేను చదివింది కన్నడ మీడియం. అక్కడ దీన్ని గిణ్ణు అంటారు. మా స్నేహితుల ఇళ్ళలో గిణ్ణు పెట్టినప్పుడు జున్ను, గిణ్ణు ఒకే మాటకి రెండు రూపాల్లా వినపడేవి. మరాఠీ వాళ్ళు ఖర్వస్ అంటారు. సంస్కృతంలో దీనికి పేరు పీయూషం. మనం పాటల్లో పద్యాల్లో అమృతం అనే అర్థంలో వాడే పీయూషానికి అసలు అర్థాల్లో ఒకటి ఈనిన ఆవు కొత్త పాలే.

ఇక పాలు పాడైతే తెలుగులో "విరిగాయి" అంటాం. మనసు విరిగింది, ఎముక విరిగింది, కొమ్మ విరిగింది, అదే మాట. కన్నడలో "ఒడెదు హోయితు", పగిలిపోయింది అని. ఒడియాలో "ఛిండిగలా", తెగిపోయింది, చిరిగిపోయింది అని. మూడు భాషల్లోనూ నష్టం అర్థమే. ఒడియా వాళ్ళు కూడా తెలియకుండా పాలు విరిగితే బాధపడతారు. తేడా ఏంటంటే వాళ్ళకి కావాలని విరవడం ఒక పని. ఆ పనికి ఒక కులం, ఒక బజారు, ఒక ధర ఉన్నాయి. మన వైపు కొత్త ఇంట్లోకి వెళ్తే పాలు పొంగిస్తాం. పొంగడం శుభం, విరగడం అశుభం. ఆ రోజు పాలు విరిగితే ఇంటావిడ ముఖం చూడలేం.

అదే తెలుగులో ఇంకో మాట కూడా ఉంది. పాలు విరిచాక మిగిలే పల్చటి నీటిని పాల విరుగుడు అంటాం. విషానికి మందుని కూడా విరుగుడు అనే అంటాం. విరగడం నుంచి మందు కూడా పుట్టిందన్నమాట.

పాలు గట్టిపడే మూడు దారులు

చరిత్రలోకి వెళ్ళేముందు పని ఎలా జరుగుతుందో తెలియాలి, లేకపోతే జున్ను, ఛెనా, చీజ్ మూడూ ఒకటే అనిపిస్తాయి.

జున్నుపాలలో మామూలు పాల కంటే చాలా ఎక్కువగా రోగనిరోధక ప్రోటీన్లు ఉంటాయి. దూడకి మొదటి రక్షణ అవే. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్టే ఆ ప్రోటీన్లు కూడా వేడికి గట్టిపడతాయి. పులుపు అవసరం లేదు. నీరు కూడా విడవదు. అందుకే జున్ను మెత్తగా ముక్కగా వస్తుంది.

ఛెనా వేరు. మామూలు పాలలో ఎక్కువ ప్రోటీన్ కేసీన్. అది వేడికి గట్టిపడదు, పులుపుకి గట్టిపడుతుంది. పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. కాగిన పాలలో నిమ్మరసమో, పులిసిన విరుగుడు నీళ్ళో పోసి దాన్ని 5.4 చుట్టుపక్కలకి దించితే కేసీన్ ముద్ద కడుతుంది, నీరు వేరు పడుతుంది. ఆవు పాలైతే ఛెనా మెత్తగా వస్తుంది, అరచేత్తో మర్దించి ఉండ చేస్తే పగలదు. గేదె పాలైతే గట్టిగా రవ్వలా వస్తుంది. ఛెనాని బరువు పెట్టి నొక్కి ముక్కలు కోస్తే పనీర్. మన ప్రభుత్వ ఆహార ప్రమాణాల్లో కూడా ఈ రెంటికీ ముఖ్యమైన తేడా నీటి శాతమే: ఛెనాలో 65 శాతం, పనీర్‌లో 60 శాతం మించకూడదు.

మూడోది యూరప్ చీజ్. అక్కడ పాలని గట్టిపరిచేది పులుపు కాదు, రెన్నెట్. సంప్రదాయంగా అది పాలు తాగే దూడ కడుపు పొర నుంచి తీస్తారు. ఆ ముద్దకి ఉప్పు పట్టించి, నొక్కి, నెలల తరబడి చెక్క బల్లల మీద మాగబెడతారు. మన వంటింట్లోకి ఆ పద్ధతి ఎందుకు రాలేదో వేరే చెప్పక్కర్లేదు.

హాలండ్‌లో ఒక చిన్న మ్యూజియం

ఆఫీసు పని మీద నెదర్లాండ్స్‌లో కొన్నాళ్ళు ఉన్నప్పుడు ఆల్క్‌మార్ అనే ఊళ్ళో చీజ్ మ్యూజియం చూశాను. ఊరి మధ్యలో కాలవ పక్కన తూకం ఇల్లు ఉంటుంది. ఒకప్పుడు అది చర్చి ప్రార్థనా మందిరం. 16వ శతాబ్దం చివర్లో ఊరికి సరుకు తూచే హక్కు వచ్చాక దాన్ని తూకం ఇల్లుగా మార్చారు. మ్యూజియం ఆ భవనంలోనే పై అంతస్తుల్లో ఉంది. పెద్దదేం కాదు. చెక్క గంగాళాలు, వెన్న చిలికే పాత్రలు, చీజ్ నొక్కే చెక్క మరలు, అచ్చులు, పాత తూకం రాళ్ళు, ఫోటోలు.

వేసవిలో శుక్రవారం పొద్దున్నే కింద మైదానంలో చీజ్ సంత జరుగుతుంది. తెల్ల బట్టలు, రంగు రిబ్బన్ల టోపీలు పెట్టుకున్న మోతగాళ్ళు ఇద్దరిద్దరు కలిసి పల్లకీ లాంటి చెక్క బల్ల మీద చక్రాల్లాంటి చీజ్‌లు మోస్తారు. ఒక్కో చక్రం 13 కేజీల పైమాటే. ఒక బల్ల మీద ఎనిమిది దాకా పెడతారు. మోతగాళ్ళ సంఘం 1593 నుంచి ఉంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అని నాలుగు జట్లు. బరువుతో ఊగకుండా ఉండటానికి వాళ్ళ నడక ఒక రకంగా ఉంటుంది. అచ్చం మన బోయీల నడకే.

నాకు అక్కడ బాగా నచ్చింది వేరే విషయం. 19వ శతాబ్దం చివర్లో ఫ్యాక్టరీలు వచ్చేదాకా చీజ్ చేయడం రైతు ఇంటి ఆడవాళ్ళ పని. పాలు పితకడం, విరవడం, ఉప్పు పట్టించడం, రోజూ తిరగేయడం, అన్నీ వాళ్ళే. బజారుకి మోసే మగవాళ్ళకి సంఘం, టోపీ, రిజిస్టరు ఉన్నాయి. చేసిన ఆడవాళ్ళకి మిగిలింది ఆ చెక్క సామాను. కనీసం ఆ సామానునైనా ఎవరో దాచి, పక్కన ఒక చీటీ పెట్టారు. బరంపురంలో గానీ సోనేపూర్ చుట్టుపక్కల గానీ ఛెనాకి అలాంటి గది ఒకటి నేను చూడలేదు. ఛెనా కట్టిన గుడ్డ చిరిగాక ఎవరు దాస్తారు? వెదురు బుట్ట రెండేళ్ళలో పొయ్యిలోకి పోతుంది. కాబట్టి ఛెనా చరిత్ర వెతకాలంటే సామాన్లలో కాకుండా పుస్తకాల్లో, మనుషుల జ్ఞాపకాల్లో వెతకాలి.

బుడతకీచుల వాదన

ఈ వాదన మన పెద్దాయన సొంతంగా పుట్టించింది కాదు. భారతీయ ఆహార చరిత్ర రాసిన వాళ్ళలో పెద్ద పేరు కె. టి. అచ్చయ్య. కర్ణాటకలోని కొళ్ళేగాలలో పుట్టారు, నూనెల రసాయన శాస్త్రజ్ఞుడిగా హైదరాబాదులో చాలా ఏళ్ళు పని చేశారు. 1994లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ అందరూ చూసేది. ఆర్యుల్లో పాలని కావాలని విరవడం మీద నిషేధం ఉండేదని, బెంగాల్‌లో హుగ్లీ దగ్గర స్థిరపడ్డ పోర్చుగీసు వాళ్ళ వల్ల ఆ నిషేధం సడలిందని ఆయన రాశారు. దానికి ఆధారాలు కూడా ఉన్నాయి. 17వ శతాబ్దంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్, బెంగాల్లో పోర్చుగీసులున్న చోట్ల మిఠాయిలు ప్రత్యేకంగా బాగుంటాయని రాశాడు. పోర్చుగీసు ఊరు బండెల్ పేరు మీద చిన్న బిళ్ళల్లాంటి ఉప్పటి చీజ్ ఇప్పటికీ కలకత్తా న్యూ మార్కెట్‌లో దొరుకుతుంది.

ఇప్పుడు ఈ వాదనని పరీక్షిద్దాం.

మొదటి పరీక్ష చరక సంహిత. అందులో ఆహార పదార్థాల అధ్యాయంలో పీయూషం, మోరటం, కిలాటం అని మూడు పేర్లు పక్కపక్కనే వస్తాయి. పీయూషం జున్నుపాలు. మోరటం ఆ తరువాత రోజుల పాలు. కిలాటం విరిగిన పాల ముద్ద. జఠరాగ్ని బాగా ఉన్నవాళ్ళకి, నిద్ర పట్టని వాళ్ళకి ఇవి మంచివని చెప్పింది. వైద్యుడు తినమని చెప్పిన పదార్థాన్ని నిషిద్ధం అనలేం.

రెండో పరీక్ష మానసోల్లాసం. ఈ పేరు కన్నడ మీడియంలో చదివిన వాళ్ళందరికీ హైస్కూల్ నుంచే తెలుసు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు, సర్వజ్ఞ చక్రవర్తి అని బిరుదు, 12వ శతాబ్దం. రాజధాని ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ. ఆయన గ్రంథంలో అన్నభోగం అని వంటల భాగం ఉంది. అందులో కాగిన పాలలో పుల్లటి మజ్జిగ పోసి విరిచి, గుడ్డలో నీరు తీసి, బియ్యప్పిండి కలిపి ఉండలు చేసి, నేతిలో వేయించి పంచదార పాకంలో వేసే మిఠాయి ఉంది. పేరు క్షీరప్రకారం. వాస్కో డ గామా కోళికోడ్‌లో దిగింది 1498లో. అంతకు మూడు వందల ఏళ్ళకు పైగా ముందే, తెలుగు నేలకి ఆనుకుని ఉన్న రాజధానిలో రాజు గారి వంటశాలలో పాలు విరుస్తున్నారు. ఈ వంటకాన్ని అచ్చయ్య గారు కూడా ఎరుగుదురు.

మూడో పరీక్ష మన తీరమే. విదేశీయులు రావడమే కారణమైతే వాళ్ళు మన దగ్గరికి కూడా వచ్చారు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు. భీమునిపట్నంలో 1825 దాకా ఉన్నారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆల్క్‌మార్ చీజ్ తిని పెరిగిన జాతి రెండు వందల ఏళ్ళు మన మధ్య ఉంది. అయినా బందరులో పుట్టింది లడ్డు, కాకినాడలో కాజా, ఆత్రేయపురంలో పూతరేకులు, మాడుగులలో హల్వా. ఒక్కదాంట్లో కూడా విరిగిన పాలు లేవు.

అంటే పోర్చుగీసు వాళ్ళకి ఏ పాత్రా లేదని అనను. హుగ్లీలో ఉన్న అలవాటుకి వాళ్ళ వల్ల గిరాకీ పెరిగి ఉండొచ్చు. కానీ విద్య మాత్రం ఇక్కడిదే. పాలు ఎలా విరగాలో ఈ దేశానికి తెలియని రోజు పుస్తకాల్లో కనపడదు.

మరి వాళ్ళ దగ్గర ఎందుకు నిలిచింది

అందరికీ తెలిసిన విద్య ఒక చోట బజారుగా ఎదిగి ఇంకో చోట ఎందుకు ఎదగలేదు? నాకు తోచిన సమాధానం పాలు ఎటు పోతున్నాయి అనే లెక్కలో ఉంది. తెలుగు ఇంట్లో పాలకి మొదటి హక్కుదారు పెరుగు. రాత్రి తోడేసిన గిన్నె లేకపోతే మరునాడు భోజనం ముగియదు. పెరుగు చిలికితే మజ్జిగ, వెన్న, నెయ్యి. నెయ్యి నిలవ ఉంటుంది, అమ్మితే డబ్బు వస్తుంది. విరవడానికి పాలు మిగలవు.

ఒడిశాలో ఆ పాలకి ఇంకో దారి కూడా దొరికింది. మిఠాయి చేసి అమ్మడమే వృత్తిగా ఉన్న గుడియా కులం ఉంది. గుడొ అంటే బెల్లం, దాన్నుంచే ఆ పేరు. 1909లో థర్‌స్టన్ రాసిన దక్షిణ భారత కులాల పుస్తకంలో గుడియాల గురించి ఉంది. గంజాం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండబట్టి వాళ్ళు ఆ పుస్తకంలోకి ఎక్కారు. వాళ్ళ చేతి నీళ్ళు కొందరు బ్రాహ్మణులు కూడా పుచ్చుకునేవారని రాశాడు. ఈ చిన్న వివరమే ముఖ్యం. విరిగిన పాలతో చేసిన వస్తువు మైల అని ఊరు అనుకుని ఉంటే అది చేసేవాళ్ళకి ఆ గౌరవం ఉండేది కాదు.

రెండోది గుడి. పూరీలో రథయాత్ర ముగిసి జగన్నాథుడు తిరిగి గుడిలోకి వెళ్ళే రోజు నీలాద్రి విజె. తనని వదిలి వెళ్ళాడని అలిగిన లక్ష్మీదేవి తలుపు వేసేస్తుంది. అప్పుడు స్వామి రసగోలా ఇచ్చి బతిమాలుకుంటాడు. కేంద్రాపడా బలదేవుడి గుడిలో నైవేద్యం రసబలి. ఛెనా బిళ్ళల్ని వేయించి చిక్కటి పాలలో వేస్తారు. దేవుడి పళ్ళెంలోకి వెళ్ళిన వస్తువు మీద అశుభం అనే ముద్ర నిలవదు.

రసగోలా ఎవరిది అనే తగాదా మీకు తెలిసే ఉంటుంది. బెంగాలీలు 1868లో కలకత్తా బాగ్‌బజార్‌లో నొబీన్ చంద్ర దాస్ చేశాడంటారు. ఒడియా వాళ్ళు బలరామ దాసు దండి రామాయణంలోనే ఆ పేరు ఉందంటారు. 2017 నవంబర్‌లో బంగ్లార్ రసగోల్లాకి, 2019 జూలైలో ఒడిశా రసగోలాకి విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండూ వేరే వస్తువులే. బెంగాలీది తెల్లగా, స్పాంజిలా ఉంటుంది. ఒడిశాది కొంచెం ఎర్రగా, నోట్లో వేస్తే కరిగేంత మెత్తగా ఉంటుంది.

బెంగళూరు పిల్లలకి ఒక వింత చెప్తాను. 1965లో పాలకి కరువొచ్చి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఛెనా మిఠాయిల మీదే నిషేధం పెట్టింది. పసిపిల్లలకి పాలు లేవు, మిఠాయికి ఎందుకు అని. ఆ తరువాత 1972లో నొబీన్ చంద్ర దాస్ వంశం వాళ్ళ కె. సి. దాస్ దుకాణం బెంగళూరులో తెరిచారు. మీరు చర్చ్ స్ట్రీట్ మూల మీద తినే రసగుల్లా అక్కడికి అలా వచ్చింది. ఛెనాకి పాలు చాలా కావాలి, లీటరు ఆవు పాలకి 150 నుంచి 180 గ్రాములే వస్తుంది. అందుకే పాల లెక్క మారినప్పుడల్లా ఛెనా కథ మారింది.

గంజాం మధ్యలో మనం

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సోనేపూర్ బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంది. ఇటు నడిస్తే ఆంధ్ర సరిహద్దు, ఇచ్ఛాపురం. తీరం పొడుగునా తెలుగు మాట్లాడే బెస్తలు, వాళ్ళనే ఒడియా వాళ్ళు నోలియాలంటారు. లోపలి ఊళ్ళలో ఒడియా రైతులు, ఆవుల మందలున్న గౌడులు. బరంపురంలో పట్టు నేసే తెలుగు దేవాంగులు, కోమట్ల కొట్లు. రాష్ట్రపతి వి. వి. గిరి 1894లో పుట్టింది ఆ బరంపురంలోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గీత గీశారు. బరంపురం, సోనేపూర్ అటు వెళ్ళాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మద్రాసులో ఉండిపోయాయి. మన వాళ్ళు ఎక్కడికీ కదల్లేదు. ఒక రాత్రి గడిచేసరికి వేరే రాష్ట్రంలో ఉన్నారు, అంతే.

ఈ జిల్లాలో ఛెనాకి కావలసినవన్నీ ఉన్నాయి. లోపలి ఊళ్ళలో ఆవు పాలు. అస్కాలో 19వ శతాబ్దంలోనే మించిన్ అనే దొర నడిపిన పంచదార ఫ్యాక్టరీ, తరువాత సహకార ఫ్యాక్టరీ. తీరంలో మొగలి పొదలు. గంజాం మొగలి పువ్వుని రాగి డేగిసాల్లో కాచి తీసిన కెవ్డా దేశమంతా మిఠాయి దుకాణాలకి వెళ్తుంది. ఉత్తరాదిలో ఎక్కడో రసమలాయి తింటుంటే వచ్చే వాసన మన సముద్రపొడ్డు మొగలిది కావచ్చు.

రోడ్డు లేని ఊరి నుంచి పాలు బరంపురం చేరేలోపు ఎండకి వాటంతట అవే విరిగిపోతాయి. ముందే విరిచి నీరు తీసేస్తే బరువు ఆరో వంతుకి దిగుతుంది, పాడవడం కొన్ని గంటలు వాయిదా పడుతుంది. మంచు పెట్టెలు లేని కాలంలో పాలవాడికి అదే కోల్డ్ స్టోరేజి. మన తాతల కిరాణా కొట్టు ముందు నుంచి పొద్దున్నే ఛెనా మూటలు సైకిళ్ళ మీద వెళ్ళేవని పెద్దత్త చెప్తుంది. గుడ్డ మూట కింద నుంచి నీళ్ళు కారుతూ రోడ్డు పొడుగునా ఒక గీతలా పడేదట.

మామ్మ వంటిల్లు

మామ్మకి పాలు విరగడం అంటే మహా చెడ్డ. శుక్రవారం విరిగితే ఆ రోజంతా మాట్లాడేది కాదట. అయినా పారబోసేది కాదు. కోడళ్ళకి చెప్పేది: "పాలిరిగితే పారబొయ్యకే గుంటా, గుడ్డలో కట్టు. పక్కింటి ఒడియా ముసిల్దాన్ని పిలు, అది సెప్తాది ఏటి సెయ్యాలో." ఆ పక్కింటామె దగ్గర నేర్చుకున్నది ఛెనాపోడ. నయాగఢ్ జిల్లా దసపల్లా వైపు పుట్టిందని చెప్పుకునే మిఠాయి. ఛెనాలో పంచదార, కొంచెం రవ్వ కలిపి సాల ఆకుల్లో చుట్టి, పైనా కిందా నిప్పులు పెట్టి గంటల కొద్దీ కాలుస్తారు. పోడ అంటే కాలినది.

మామ్మ మాత్రం దాన్ని ఎప్పుడూ ఛెనాపోడ అనలేదు. పాలదిబ్బ అనేది. పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చడం ఆవిడకి దిబ్బరొట్టె నుంచే తెలుసు. పరాయి వంటని తనకి తెలిసిన వంట పక్కన పెట్టి, ఆ పేరుతోనే ఇంట్లోకి తెచ్చుకుంది. సాల ఆకు సోనేపూర్‌లో దొరక్క అరిటాకు వాడింది. మిరియం కొంచెం వేసేది, అది జున్ను నుంచి వచ్చిన అలవాటు. ఒడియా వాళ్ళు మిరియం వెయ్యరు. కాబట్టి విందులో పెద్దాయన చెప్పే మూడో వాదన, మనం ఈ విద్యకి బయటి వాళ్ళం అన్నది, మన ఇంట్లోనే నిలబడదు. ఎప్పుడో ఒక విరిగిన గిన్నె దగ్గర మామ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. పాలదిబ్బ కొలతలు రాసి పెట్టింది ఒక్క పెద్దత్తే. ఆమె బరంపురంలో ఒడియా బడిలో చదివింది. నోట్‌బుక్కులో భాష తెలుగు, లిపి ఒడియా. నాకు కన్నడ లిపి బడిలో వచ్చింది, దాని పక్కనే ఉంది కాబట్టి తెలుగు లిపి సొంతంగా పట్టుకున్నాను. ఒడియా లిపి రాదు. పెద్దత్త మనవలకి ఇంగ్లీషు లిపి తప్ప ఏదీ రాదు. మాట్లాడితే అందరం తెలుగే, చదవాలంటే ఒకరి రాత ఒకరికి మూసిన తలుపు. పెద్దత్తకి ఇప్పుడు చూపు తగ్గుతోంది. అందుకే ఫోన్లో ఆమె చదువుతుంటే నేను తెలుగు లిపిలో రాసుకున్నాను. మన వాళ్ళందరి కోసం ఇక్కడ పెడుతున్నాను.

ఆవు పాలు రెండు లీటర్లు కాచి, పొయ్యి ఆపి, రెండు నిమిషాలు ఆగి, నీళ్ళు కలిపిన నిమ్మరసం కొద్దికొద్దిగా పోయాలి. నీరు పచ్చగా తేటపడగానే పోయడం ఆపాలి, ఎక్కువ పోస్తే ఛెనా గరుకుగా అవుతుంది. గుడ్డలో వేసి ఒకసారి చల్లటి నీళ్ళతో కడిగి కట్టి వేలాడదీయాలి. పిండకూడదు, దానంతట అది కారాలి. 350 గ్రాముల దాకా వస్తుంది. పంచదార 150 గ్రాములు, బొంబాయి రవ్వ రెండు చెంచాలు, నెయ్యి ఒక చెంచా, యాలకులు నాలుగు, మిరియాలు ఆరు దంచి కలపాలి. గట్టిగా ఉంటే తీసిపెట్టిన విరుగుడు నీళ్ళు కొంచెం కలుపుకోవాలి. అరచేత్తో పావుగంట మర్దించాలి. నెయ్యి రాసిన అరిటాకు వేసిన మూకుడులో పరిచి, మూత పెట్టి, కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు. ఓవెన్ ఉన్నవాళ్ళు 180 డిగ్రీల్లో ముప్పావు గంట. పై పొర ముదురు గోధుమ రంగుకి రావాలి, అంచులు కొంచెం మాడాలి. ఆ మాడిన అంచు కోసమే చిన్నప్పుడు పిల్లలు కొట్టుకునేవారని నోట్‌బుక్కులో చివర రాసి ఉంది.

మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఇలాంటి నోట్‌బుక్కు ఏ లిపిలో ఉన్నా సరే, ఈ సంక్రాంతికి కలిసినప్పుడు పట్టుకురండి. చదివేవాళ్ళు ఉండగానే చదివించుకుందాం.